లిథియం బ్యాటరీ ఆయుర్దాయం

మా తాతగారి ట్రాన్సిస్టరు రేడియోలో నాలుగు పెద్ద టార్చి సెల్లులు పట్టేవి. వార్తలు చదివేవారి గొంతు సన్నగిల్లి గొణుగుడులోకి దిగినప్పుడు ఆయన ఆ నాలుగింటిని ఊడదీసి పెరటి పిట్టగోడమీద వరుసగా ఎండబెట్టేవారు. మధ్యాహ్నం దాకా ఎండలో కాగిన సెల్లులను మరల అమర్చగా రేడియో ఇంకొక రెండు మూడు దినాలు పలికేది. ఈ పని ఎరుగని తెలుగు ఇల్లు ఆనాడు అరుదు. ఇది వట్టి నమ్మకం కాదు. సెల్లులోపలి తడిముద్దలో మందగించిన రసాయన చర్య వేడికి కొంత చురుకెక్కి, అడుగున మిగిలిన కొద్దిపాటి శక్తిని పైకి తెచ్చేది.

నేడు మన ఇండ్లలో చేతిఫోనులోను, లాప్‌టాపులోను, వాకిట నిలిపిన విద్యుత్ స్కూటరులోను ఉన్నది లిథియం అయాను బ్యాటరీ. తాతగారి సెల్లుకు ప్రాణం పోసిన ఎండయే దీనికి ప్రాణాంతకం. పాత అలవాటు కొత్త వస్తువుకు ఎంత విరుద్ధమైనదో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచలేదు. ఈ బ్యాటరీ ఎట్లా పుట్టినది, దాని ఆయుర్దాయాన్ని పెంచడానికి శాస్త్రజ్ఞులు ఏభై యేండ్లుగా ఏయే పాట్లు పడినారు అన్నది ఈ ప్రసంగానికి విషయం. ఇది కేవలం పరిశోధనాలయాల కథ కాదు. ఒక మధ్యతరగతి కుటుంబం స్కూటరుకు చెల్లించే ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. అది మూడేండ్లకు చచ్చినదా, పదేండ్లు బ్రతికినదా అన్నదానిని బట్టి ఆ కొనుగోలు లాభమో నష్టమో తేలుతుంది. అంతకు మించిన నష్టం కూడ ఒకటి ఉన్నది. దానిని ముందు చెప్పుకుందాము.

లిథియం లోహాన్ని 1817లో స్వీడను దేశపు రసాయనజ్ఞుడు ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజంలో గుర్తించినారు. లోహాలలో ఇంత తేలికైనది వేరొకటి లేదు. నీటిమీదనే కాదు, నూనెమీద సైతం తేలుతుంది. ఎలక్ట్రానును వదలుకొనడానికి దీనికున్న ఆత్రుత మరి ఏ లోహానికీ లేదు. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచవలెనన్నవారికి ఇంతకన్న అనువైన పదార్థం దొరకదు. కాని ఆ ఆత్రుతయే దాని దోషం. నీరు తగిలినా గాలి తగిలినా అది ఊరుకొనదు.

1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధరలు మండిపోయిన రోజులలో అమెరికాలోని ఎక్సాన్ చమురు సంస్థయే చమురు లేకుండ నడిచే బండ్లను గురించి ఆలోచన చేసినదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ సంస్థ పరిశోధనశాలలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు టైటానియం డైసల్ఫైడు అనే పదార్థాన్ని పరీక్షించినారు. దీని నిర్మాణం తాళపత్ర గ్రంథం వంటిది; పలుచని ఆకులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. లిథియం అయానులు ఆ ఆకుల నడుమ దూరగలవు, మరల బయటికి రాగలవు. ఆకులు చెక్కు చెదరవు. ఇక్కడనే ఆయుర్దాయపు రహస్యం ఉన్నది. మనం ఎరిగిన సీసపు బ్యాటరీలో చార్జి అయిన ప్రతిసారీ, ఖర్చయిన ప్రతిసారీ పలకల మీది పదార్థమే మారిపోయి మరల ఏర్పడవలసి ఉంటుంది. ప్రతిదినం ఇల్లు పడగొట్టి కట్టుకొనడం వంటిది అది. విట్టింగ్‌హామ్ పద్ధతిలో ఇల్లు నిలిచే ఉంటుంది, అతిథులు మాత్రం వచ్చి పోతూ ఉంటారు. 1976లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించినారు.

అయితే ఆ బ్యాటరీలో రెండవ ధ్రువం లిథియం లోహమే. చార్జి చేసినప్పుడు తిరిగి వచ్చిన లిథియం నునుపుగా పరుచుకొనక, నాగజెముడు ముండ్లవలె సూదులు సూదులుగా పెరిగేది. ఒక సూది ఎదుటి ధ్రువాన్ని తాకినదా, లోపల మంట. ఆ పరిశోధనశాలకు అగ్నిమాపక దళంవారు పలుమార్లు రావలసి వచ్చినది. లిథియం మంటలను ఆర్పడానికి ప్రత్యేక రసాయనాలు కావలెను గనుక, ఇక మీదట వాటి ఖరీదు మీరే చెల్లించవలెనని వారు చివరకు హెచ్చరించినారట! చమురు ధరలు దిగిన తరువాత ఎక్సాన్ ఆ ప్రయత్నాన్ని విరమించినది.

ఆ దారినే నడిచి దెబ్బతిన్న మరొక సంస్థ కెనడాలోని మోలి ఎనర్జీ. లిథియం లోహంతోనే తిరిగి చార్జి చేయదగిన సెల్లులను తయారుచేసి, 1980ల చివర పెద్దయెత్తున అమ్మినారు. 1989లో జపానులో చేతిఫోనుల బ్యాటరీలు అంటుకొనగా సరుకునంతటినీ వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. ఆ సంస్థలో అప్పుడు పనిచేస్తున్న యువ శాస్త్రజ్ఞుడు జెఫ్ డాన్. ఈ పేరు శ్రోతలు గుర్తుంచుకొనవలెను. కథలో మరల వస్తుంది.

ఇంతలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జాన్ గుడినఫ్ అనే ఆచార్యుడు వేరొక దిక్కున ఆలోచించినారు. గంధకానికి బదులు ఆమ్లజని గల ఆకులైతే వోల్టులు పెరుగునని ఆయన ఊహ. జపాను నుండి వచ్చిన మిజుషిమా మొదలైన సహచరులతో కలిసి 1980లో కోబాల్టు ఆక్సైడును పరీక్షించి, విట్టింగ్‌హామ్ సెల్లు రెండు వోల్టులకు కొంచెము మించగా, తమది నాలుగు వోల్టులు ఇస్తుందని చూపినారు. దీనిలో మరొక సుగుణం ఉన్నది. ఈ పదార్థం తయారైనప్పుడే లిథియాన్ని కడుపులో పెట్టుకొని పుడుతుంది. కనుక రెండవ ధ్రువంలో లిథియం లోహం ఉండవలసిన పనే లేదు. లిథియాన్ని తాత్కాలికంగా దాచుకొనే మరొక గూడు ఉంటే చాలును. ఆ సంవత్సరమే ఫ్రాన్సులోని గ్రెనోబులులో, మొరాకో దేశీయుడు రషీద్ యజామి, మన పెన్సిలులో ఉండే గ్రాఫైటు పొరలలోకి లిథియం వెళ్లి రాగలదని కనుగొన్నారు. గూడు దొరికినది. 2019లో ఈ బ్యాటరీకి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు యజామి పేరు లేకపోవడం, ముగ్గురికి మించరాదన్న నియమం వల్లనే కావచ్చును గాని, నాకు మాత్రం వెలితిగానే తోచినది.

రెంటినీ కూర్చినవారు జపానులోని అసహీ కాసై సంస్థ ఉద్యోగి అకిరా యొషినో. ఆయన 1985లో కోబాల్టు ఆక్సైడుకు ఎదురుగా కర్బన పదార్థాన్ని నిలిపినారు. లిథియం లోహం ఎక్కడా లేదు. రెండు గూళ్ల నడుమ అయానులు అటూ ఇటూ తిరుగుతాయి, అంతే. 1986లో ఒక బరువైన ఇనుపముద్దను పైనుండి ఈ సెల్లుమీద పడవేసి చూచినారు. సెల్లు నలిగినదే గాని అంటుకొనలేదు. లిథియం లోహపు సెల్లుమీద అదే ముద్దను పడవేయగా భగ్గుమన్నది. ఈ బ్యాటరీ ఆనాడే పుట్టినదని యొషినో తరువాత చెప్పుకొనేవారు. 1991లో సోనీ సంస్థ దీనిని బజారులోకి తెచ్చినది. మొదట వచ్చినవి కిలో బరువుకు సుమారు 80 వాట్ అవర్లు దాచేవి. నేటి మేలురకాలు 250కి మించి దాస్తున్నాయి.

ఇక్కడ ఒక చిక్కును గురించి కొంచెము నిదానంగా చెప్పవలెను. ఆయుర్దాయమంతా దానిమీదనే ఆధారపడి ఉన్నది. సోనీవారి మొదటి సెల్లులలో ఉన్నది గ్రాఫైటు కాదు, పెట్రోలియం కోకు. గ్రాఫైటు మేలైనదని తెలిసికూడ వాడలేకపోయినారు. కారణం, సెల్లులో నింపే ద్రవం. ఆ రోజులలో అందరికీ అలవాటైన ద్రావకం ప్రోపిలీన్ కార్బొనేటు. అది లిథియంతోపాటు తానుకూడ గ్రాఫైటు పొరలలోకి దూరి, పొరలను ఉల్లిపొరలవలె ఊడగొట్టేది. దాని చెల్లెలివంటిది ఎథిలీన్ కార్బొనేటు. రెంటికీ ఉన్న భేదం ఒక కర్బన పరమాణువు, దానిని అంటుకొనిన రెండు ఉదజని పరమాణువులు మాత్రమే. కాని చెల్లెలు గ్రాఫైటును చెడగొట్టదు సరిగదా, దానిమీద ఒక రక్షక కవచాన్ని అల్లుతుంది. మరి దీనిని ముందే ఎందుకు వాడలేదు? ఇది 36 డిగ్రీల ప్రాంతంలో గాని కరగదు. రెంటచింతల వేసవిలో దీనిని సీసాలో పోసి వాకిట పెడితే ద్రవమై ఉంటుంది. చల్లని దేశాల పరిశోధనశాలలలో మాత్రం బల్లమీద గడ్డకట్టుకొని కూర్చుంటుంది. గడ్డగా ఉన్నదానిని ద్రావకంగా వాడవలెనని తోచడం కష్టమే. 1990లో, లోగడ చెప్పిన జెఫ్ డాన్, తన సహచరులతో కలిసి, ఎథిలీన్ కార్బొనేటును ఇతర ద్రావకాలతో కలిపి వాడితే గ్రాఫైటు నిలుస్తుందని చూపినారు. అప్పటినుండి నేటివరకు ప్రపంచంలోని లిథియం బ్యాటరీలలో అత్యధిక భాగం ఈ ద్రావకం మీదనే నడుస్తున్నది.

ఆ రక్షక కవచం స్వభావాన్ని 1979లోనే ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు ఇమాన్యుయెల్ పెలెడ్ వివరించి ఉన్నారు. కొత్త మట్టికుండను మన ఇండ్లలో వెంటనే వంటకు వాడరు. మొదట గంజి పోసి కాచి, రంధ్రాలు పూడిన పిమ్మట వాడతారు. బ్యాటరీ విషయమూ ఇంతే. కర్మాగారంలో మొదటిసారి మెల్లగా చార్జి చేసినప్పుడు ద్రవంలో కొంత విరిగి గ్రాఫైటుమీద అతి పలుచని పొరగా పేరుకొంటుంది. ఆ పొర లిథియం అయానులను మాత్రం పోనిస్తుంది, ద్రవాన్ని ఆపివేస్తుంది. కాని పొర కట్టడానికి కూడ లిథియం కావలెను. ఈ మొదటి చార్జిలోనే సెల్లులోని లిథియంలో పదోవంతు దాకా ఆ పొరలో చిక్కి, ఇక పనికి రాకుండా పోవచ్చును. అది భరించదగిన పన్ను. దుఃఖమేమనగా, పన్ను అక్కడితో ఆగదు. గ్రాఫైటు చార్జి అయినప్పుడు కొంచెము ఉబ్బుతుంది, ఖర్చయినప్పుడు కుదించుకొంటుంది, పొర పగులుతుంది, పగులును పూడ్చడానికి మరికొంత లిథియం పోతుంది. వేడి ఎక్కువైతే ఈ పని ఇంకా త్వరగా సాగుతుంది. రసాయన చర్యల వేగం పది డిగ్రీల వేడికి ఇంచుమించు రెట్టింపు అవుతుందన్నది స్థూలమైన లెక్క. మనం ఫోనును ముట్టుకొనకుండా పెట్టెలో పెట్టినను అది లోలోపల ముసలిదవుతూనే ఉంటుంది.

ఒక చిన్న గణితం చూడండి. ఒక్కొక్క చార్జికి లిథియంలో వెయ్యోవంతు మాత్రమే నష్టమవుతున్నదనుకొందాము. నూటికి 99.9 పాళ్లు నిలుస్తున్నది గదా అని సంతోషించవచ్చును. కాని దినానికి ఒకసారి చొప్పున వెయ్యిసార్లు చార్జి చేసిన తరువాత, అంటే మూడేండ్లు నిండకముందే, మిగిలేది 37 పాళ్లు. ఆ నష్టాన్ని పదివేలలో ఒక వంతుకు తగ్గించగలిగితే వెయ్యి చార్జిల తరువాత 90 పాళ్లు మిగులుతుంది. చూపుకు 99.9కి, 99.99కి భేదం లేనట్లే ఉంటుంది. బ్యాటరీకి మాత్రం అది చావుబ్రతుకుల భేదం.

ఈ అతి సూక్ష్మమైన నష్టాన్ని కొలవడం ఎట్లా? కొత్త బ్యాటరీ పదేండ్లు మన్నుతుందా అని తెలుసుకొనడానికి పదేండ్లు కూర్చొనవలసినదేనా? కెనడాలోని హాలిఫాక్సు నగరంలో డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చేరిన డాన్, 2010 ప్రాంతంలో అతి నిశితంగా కొలిచే చార్జి యంత్రాలను తన విద్యార్థులతో నిర్మించినారు. అవి కొద్దివారాలలోనే సెల్లు ఆయువును అంచనా వేయనిస్తాయి. జాతకం చూసినట్లు! ద్రవంలో చిటికెడు కలిపే మందులలో ఏది పొరను గట్టిపరుస్తుందో, ఏది చెడగొడుతుందో వరుసగా పరీక్షించడానికి వీలు కలిగినది. అంతవరకు ఈ మందుల మోతాదులు కంపెనీలవారి వంటింటి రహస్యాలవలె ఉండేవి. 2019లో ఆయన బృందం ఒక పత్రం ప్రకటించినది. ధనధ్రువంలోని నికెలు, మాంగనీసు, కోబాల్టు కలిసిన పదార్థాన్ని సాధారణంగా సన్నని స్ఫటికాలు ముద్దగా చేరిన రేణువులుగా తయారుచేస్తారు. బూందీ లడ్డువలె ఆ రేణువు నాలుగుసార్లు ఉబ్బి కుదించుకొనేసరికి చిట్లుతుంది. దానికి బదులు ఒక్కొక్క రేణువును పటికబెల్లపు పలుకువలె ఏకస్ఫటికంగా తయారుచేస్తే చిట్లదు. ఇట్టి రేణువులు, తగిన మందులు కలిసిన ద్రవం గల సెల్లులు విద్యుత్ కారును 16 లక్షల కిలోమీటర్లకు పైగా నడపగలవని ఆ పత్రం లెక్క కట్టినది. మోలి సంస్థలో మంటలను కళ్లారా చూచిన తరంవాడే ముప్పది యేండ్లకు ఈ మాట చెప్పగలగడం నాకు ఎంతో తృప్తినిచ్చిన సంగతి.

పరిశోధనశాలలో సెల్లు ఒక తీరున బ్రతుకుతుంది. ఎండలో నిలిపిన బండిలో మరొక తీరున. ఈ పాఠం అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో బయటపడినది. 2010 డిసెంబరులో నిస్సాన్ సంస్థ లీఫ్ అనే విద్యుత్ కారును అమ్మకానికి పెట్టినది. దాని బ్యాటరీ పెట్టెలో 192 సెల్లులు, 24 యూనిట్ల శక్తి. పెట్టెను చల్లబరచడానికి ద్రవం గాని, ఫ్యాను గాని లేదు. తనంతట తానే చల్లారవలెను. ఫీనిక్సు నగరపు వేసవి మన రామగుండానికి తీసిపోదు. 2012 వేసవి నాటికి అక్కడి యజమానులకు, కారులో శక్తిని చూపే పన్నెండు గళ్లలో ఒకటొకటే ఆరిపోతూ కనిపించినవి. కారు కొని రెండేండ్లయినా నిండలేదు. గొడవ పెద్దదై, ఆ యేడు చివరలో సంస్థ ఒక హామీ ఇచ్చినది: అయిదేండ్లలోగాని, 60,000 మైళ్లలోగాని గళ్లు తొమ్మిదికన్న తక్కువైతే బ్యాటరీని బాగుచేసి ఇస్తామన్నారు. తరువాత వేడికి ఓర్చే రసాయనంతో కొత్త బ్యాటరీ వచ్చినది. ఎడారి ఎండకు చలించని ప్రాణి గదా అని దానికి బల్లి బ్యాటరీ అని ముద్దుపేరు పెట్టినారు.

అదే 2010 డిసెంబరులో వచ్చిన షెవర్లె వోల్ట్ కారువారు వేరు దారి తొక్కినారు. పెట్టెలో 16 యూనిట్లు పట్టే బ్యాటరీని ఉంచి, సుమారు 10 యూనిట్లు మాత్రమే వాడుకొననిచ్చినారు. నిండా నింపరు, పూర్తిగా ఖాళీ చేయనివ్వరు. పైగా సెల్లుల నడుమ చల్లని ద్రవం ప్రవహింపజేసినారు. డబ్బు పోసి కొన్నదానిలో మూడోవంతు వాడనివ్వకపోవడం వింతగా తోచవచ్చును. కాని ధనధ్రువం నుండి లిథియాన్ని చివరిదాకా పిండడం వల్ల దాని ఆకులు అస్థిరమవుతాయి; ఎక్కువ వోల్టులవద్ద ద్రవంకూడ విరుగుతుంది. పొట్ట పగిలేట్లు తినకుండా ఆపినట్లే ఇది.

ఈ పథ్యం ఎంత ఫలమిస్తుందో చూడవలెనంటే అంగారక గ్రహం దాకా పోవలెను. 2004 జనవరిలో అక్కడ దిగిన ఆపర్చ్యూనిటీ అనే యంత్రశకటాన్ని 90 దినాల పనికై పంపినారు. దానిలో ఉన్నది లిథియం అయాను బ్యాటరీయే. చలికి గడ్డకట్టని ద్రవం, రాత్రివేళ వెచ్చగా ఉంచే ఏర్పాటు, ప్రతిదినం మితమైన వాడకం. 5,000 చార్జిలు దాటిన తరువాతకూడ దాని శక్తిలో సుమారు 85 పాళ్లు నిలిచి ఉన్నది. 2018 జూనులో గ్రహమంతటినీ కమ్మిన దుమ్ముతుఫాను సూర్యఫలకాలకు వెలుగు లేకుండా చేయగా ఆ శకటం మూగబోయినది. బ్యాటరీ ముసలిదై చచ్చినది కాదు.

గుడినఫ్ అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయానికి వెళ్లిన తరువాత చేసిన పని మనకు మరింత దగ్గరిది. 1997లో పాఢి, నంజుండస్వామి అనే భారతీయ సహచరులతో కలిసి ఆయన ఐరన్ ఫాస్ఫేటును ధనధ్రువంగా ప్రకటించినారు. ఇనుము, భాస్వరం, ఆమ్లజని. కోబాల్టువలె ఖరీదైన లోహమేదీ లేదు. దీనిలోని ఆమ్లజనిని భాస్వరం గట్టిగా పట్టుకొని ఉంటుంది గనుక వేడెక్కినను అది విడివడి మంటకు ఆహారం కాదు. ఆకులుకూడ అంత త్వరగా చెదరవు. వేలకొలది చార్జిలకు ఓర్చుతుంది. వోల్టులు కొంచెము తక్కువ, బరువు కొంచెము ఎక్కువ. మొదట విద్యుత్తు దానిలో ప్రవహించడమే కష్టమైనది. రేణువులకు మసిపూత పూసిన పిమ్మట ఆ దోషం తీరినది. ఈ మార్గానికి పూర్వరంగాన్ని గుడినఫ్‌తో కలిసి సిద్ధపరచినవారు తమిళనాట పుట్టి మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన అరుముగం మంథిరామ్. 2019లో తొంబదియేడేండ్ల గుడినఫ్‌కు బదులుగా స్టాక్‌హోములో నోబెల్ ఉపన్యాసం చదివినదికూడ ఆయనే. గుడినఫ్ 2023 జూనులో, నూరేండ్లు నిండిన తరువాత మరణించినారు.

ఇక మన ఊళ్ల సంగతి. స్కూటరులో ఉన్నది ఒక సెల్లు కాదు, సెల్లుల గుంపు. 48 వోల్టుల బ్యాటరీ కావలెనంటే నికెలు జాతి సెల్లులైతే 13, ఇనుప జాతివైతే 16 ఒకదాని వెనుక ఒకటి కలపవలెను. ఒకే కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి బలహీనమైతే బండి దాని నడకనే నడుస్తుంది. సెల్లుల వరుసలో ఇంకొక ప్రమాదంకూడ ఉన్నది. చార్జి చేసేటప్పుడు బలహీనమైన సెల్లు ముందుగా నిండుతుంది. తక్కినవి నిండేవరకు దానిలోకి బలవంతంగా విద్యుత్తు పోతూనే ఉంటుంది. అప్పుడు గ్రాఫైటు పొరలలో చోటు చాలక లిథియం లోహంగా పైన పేరుకొంటుంది. విట్టింగ్‌హామ్ కాలపు సూదులు తిరిగి పుట్టినవన్నమాట! దీనిని కాచుకొనడానికి ప్రతి సెల్లు వోల్టును, వేడిని చూస్తూ, నిండినదానిలో ఎక్కువను తోడివేసి, హద్దు మీరితే సరఫరాను తెంచే ఒక చిన్న విద్యుత్ పలకను అమర్చవలెను. బ్యాటరీ యాజమాన్య వ్యవస్థ అని దానికి పెద్ద పేరు, పనివాళ్లు బి.ఎం.ఎస్. అంటారు. ఖరీదు తగ్గించదలచినవారి చేయి మొదట పడేది దీనిమీదనే. అందుకే బ్యాటరీ త్వరగా ముసలిదైతే అది చెడిపోవడం మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు అంటుకొంటుంది. లోపలి కవచం నూరు డిగ్రీల ప్రాంతంలో విరగడం మొదలుపెట్టినదంటే ఆ చర్యయే మరింత వేడిని పుట్టించి, ఒక సెల్లు నుండి పక్క సెల్లుకు వ్యాపిస్తుంది.

2022 ఏప్రిలులో నిజామాబాదు జిల్లాలో ఒక ఇంట చార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించినారు. అదే నెలలో, కొద్దిదినాల వ్యవధిలో, విజయవాడలో పడకగదిలో చార్జికి పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించినారు. భార్య తీవ్రంగా గాయపడినారు. సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో లేచిన మంటలు, పొగ పైయంతస్తులలోని హోటలును చుట్టుముట్టగా ఎనిమిదిమంది ప్రాణాలు పోయినవి. ఈ వార్తలు చదివిన దినాలలో మా స్టూడియోలో మాటలు కరువైనవి. దేశంలో ఇతరచోట్లకూడ స్కూటర్లు తగలబడడంతో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నిపుణుల సంఘాన్ని నియమించి, బ్యాటరీ పరీక్షల నియమాలను కఠినం చేసినది. అవి 2022 డిసెంబరు 1 నుండి ఒక విడత, 2023 మార్చి 31 నుండి రెండవ విడత అమలులోకి వచ్చినవి. సెల్లుల నడుమ మంట వ్యాపించకుండా ఉండడం, యాజమాన్య పలకకు ఉండవలసిన లక్షణాలు, చార్జరు హద్దు ఇవన్నీ వాటిలో చేరినవి. చావులు జరిగిన తరువాతగాని నియమాలు రాకపోవడం కొత్త కాదు గనుక దానిని గురించి ఎక్కువ చెప్పను. అటుపిమ్మట స్కూటర్లలో ఐరన్ ఫాస్ఫేటు వాడకంకూడ హెచ్చినది.

సీసపు బ్యాటరీలకు చిరకాలంగా పేరున్న తిరుపతి ప్రాంతంలోనే 2022 సెప్టెంబరులో లిథియం సెల్లుల కర్మాగారం ఒకటి ప్రయోగాత్మక ఉత్పత్తిని ప్రారంభించినది. 2023 మేలో మహబూబునగరం వద్ద దివిటిపల్లిలో అమర రాజా సంస్థవారి పెద్ద కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. అతి పలుచని పొరలమీద ఆధారపడే ఈ పరిశ్రమలో ఒక దుమ్ముకణం, ఒక తేమబిందువు చాలును సెల్లు ఆయువు తగ్గడానికి. మన ఎండలకు, మన గతుకుల దారులకు తగిన సెల్లు ఇక్కడనే తయారు కావడం అవసరమని నా నమ్మకం; ఫీనిక్సు యజమానుల అనుభవం మన యజమానులకు రానక్కరలేదు.

ఇంటివారు అడిగే ప్రశ్న ఒకటి మిగిలినది: మేమేమి చేయవలెను? స్కూటరును నీడలో నిలపండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జికి పెట్టక, గంటసేపు చల్లారనివ్వండి. ప్రతిదినం 100 చూడవలెనన్న పట్టుదల వదలి 80 దగ్గర ఆపినా పని జరుగుతుంది. దూరప్రయాణం ఉన్ననాడు నింపుకొనవచ్చును. దానితో వచ్చిన చార్జరు తప్ప వేరొకటి వాడరాదు. నీళ్లలో మునిగినదానిని, పడిపోయి పెట్టె నొక్కుకున్నదానిని, ఉబ్బినదానిని మరల చార్జి చేయరాదు. పడకగదిలోను, మెట్లకింద, బయటికి పోయే దారిలోను చార్జికి పెట్టరాదు. చాలాకాలం వాడకుండా ఉంచదలచినప్పుడు సగం నింపి, చల్లనిచోట ఉంచవలెను.

మా కేంద్రంలో ఊళ్లకు తీసుకొనిపోయే రికార్డరుల బ్యాటరీలను ఇప్పుడు అట్లాగే ఉంచుతున్నాము. లోగడ పండుగ ప్రసారాలకు వారం ముందే అన్నింటిని నిండా నింపి కిటికీ పక్క బల్లమీద వరుసగా పేర్చేవారము. కిటికీ పడమటిది. రెండు వేసవులలో సగం బ్యాటరీలు ఉబ్బిపోయినవి. ఇప్పుడు స్టోరుగది లోపలి అరలో, ఒక్కొక్కదానిమీద కొన్న నెల, సంవత్సరం ఎర్రసిరాతో వ్రాసి ఉంచినాము. వాటిలో 2019 నాటిది ఒకటి నేటికీ పనిచేస్తున్నది. పోయిన నెల జాతర రికార్డింగుకు దానినే తీసుకొనిపోయినాను.